నడుము నొప్పికి కైరోప్రాక్టిక్ చికిత్స: రెండు క్లినిక్‌లు, ఆరు సిట్టింగులు, నా అభిప్రాయం

నడుము నొప్పితో నేను ఇద్దరు కైరోప్రాక్టర్ల దగ్గరకు, అంటే వెన్నును, కీళ్లను చేతులతో సవరించి చికిత్స చేసేవారి దగ్గరకు, వెళ్లాను. మొదటిచోట ఒక్క రోజుతో మానేశాను, రెండోచోట ఆరు సిట్టింగులు పూర్తి చేశాను. ఈ సమీక్ష ముఖ్యంగా రెండో క్లినిక్ గురించే అయినా, మొదటిచోట జరిగింది చెప్పకుండా రెండోదాని విలువ ఎక్కడ ఉందో చెప్పడం నాకు సాధ్యం కాదు.

అప్పటికి ఐదు వారాలుగా నడుము కింది భాగంలో మొదలైన నొప్పి ఎడమ పిరుదు మీదుగా పిక్క దాకా లాగుతూ ఉండేది. అరగంట కూర్చుంటే లేచి నిటారుగా నిలబడడానికి గోడ పట్టుకోవలసి వచ్చేది. తుమ్ము వస్తుందంటే భయం వేసేది. డాక్టరు ఇచ్చిన నొప్పి మాత్రలు రాత్రి నిద్రకు పనికొచ్చాయి కానీ పగటి బాధను తగ్గించలేదు.

మొదటి క్లినిక్‌లో అడుగుపెట్టగానే ఎక్స్‌రే తీశారు. ఆ ఫిల్ము మీద ఎర్ర గీతలు గీసి, ఒక పూస పక్కకు జరిగిందని, దానిని తిరిగి దాని చోట కూర్చోబెట్టడానికి ఇరవై నాలుగు సిట్టింగులు కావాలని, డబ్బు ముందుగా కడితే తగ్గింపు ఉంటుందని చెప్పారు. నా కాలు ఎత్తి చూడలేదు, పాదంలో బలం ఎలా ఉందో పరీక్షించలేదు, ఎక్కడైనా మొద్దుబారిందా అని అడగలేదు. పూస జరగడం అనే మాట ఈ వృత్తి పుట్టుకతోనే వచ్చింది. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ దీనిని మొదలుపెట్టినప్పుడు, జరిగిన పూసలు నరాలను నొక్కడమే దాదాపు అన్ని జబ్బులకూ మూలమని ఆయన నమ్మాడు; ఆయన మొదటి రోగిగా చెప్పుకునే వ్యక్తి బాధ కూడా నడుము నొప్పి కాదు, చెవుడు. ఆ సిద్ధాంతానికి తరువాతి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. ఈనాటి కైరోప్రాక్టర్లలో చాలామంది దానిని పక్కనపెట్టి, కీళ్ల కదలికను, కండరాల బిగువును చూసి పని చేస్తారు. నేను మొదట కలిసినవారు మాత్రం పాత మాటనే ఎక్స్‌రే మీద గీసి అమ్ముతున్నారు.

ఫిల్ములో కనబడే ప్రతి మార్పూ నొప్పికి కారణం కాదని రోగులు తప్పక తెలుసుకోవాలి. ఏ నొప్పీ లేనివారి స్కాన్లను పరిశీలించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, ఇరవై ఏళ్లవారిలోనే 37 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కుల, అంటే పూసల మధ్య ఉండే మెత్తల, అరుగుదల కనబడుతుంది. డిస్క్ ఉబ్బు కూడా అంతే, ఇరవైల్లో 30 శాతం, ఎనభైల్లో 84 శాతం. జుట్టు నెరవడం లాంటి మార్పును చూపి రెండు డజన్ల సిట్టింగులు అంటగట్టడం నాకు అన్యాయంగా తోచింది, అందుకే తిరిగి వెళ్లలేదు.

రెండో క్లినిక్‌లో నన్ను చూసిన కైరోప్రాక్టర్ మొదటి రోజు దాదాపు ముప్పావుగంట నా ఒంటి మీద చెయ్యి వేయకుండా ప్రశ్నలే అడిగారు. మూత్రం పోయడంలో ఏదైనా తేడా ఉందా, మలం మీద అదుపు తప్పిందా, తొడల మధ్య, కూర్చుంటే కుర్చీకి ఆనే చోట స్పర్శ తగ్గిందా, జ్వరం వస్తోందా, కారణం లేకుండా బరువు తగ్గారా, గతంలో క్యాన్సర్ వచ్చిందా, ఎక్కువ కాలం స్టెరాయిడ్ మాత్రలు వాడారా, రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని ఒక్కొక్కటీ ఆగి ఆగి అడిగి రాసుకున్నారు. ఇవన్నీ ఎందుకని నేను అడిగితే, వెన్నుపాము మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ముగుస్తుందని, అక్కడినుంచి కిందికి గుర్రపు తోకలా నరాల కట్ట మాత్రమే వేలాడుతుందని, పెద్ద డిస్క్ ముక్క జారి ఆ కట్టను నొక్కితే మూత్రం, మలం మీద అదుపు శాశ్వతంగా పోవచ్చని చెప్పారు. అలాంటివారు అదే రోజు ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలని, వారి నడుము మీద చెయ్యి వేయడం తన పని కాదని స్పష్టంగా అన్నారు.

తరువాత నన్ను మడమల మీద, మునివేళ్ల మీద నడిపించారు. మోకాలి దగ్గర, చీలమండ వెనుక చిన్న సుత్తితో తట్టి చూశారు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమ కాలు మెల్లగా ఎత్తితే, సుమారు నలభై ఐదు డిగ్రీల దగ్గర పిక్క దాకా మెరుపులా నొప్పి వచ్చింది. పాదం బలంగానే ఉంది, తట్టినప్పుడు రెండు కాళ్లూ ఒకేలా స్పందించాయి. ఒక నరం రేగింది కానీ బలహీనపడలేదని, డిస్క్ జారడంలో ఎక్కువ భాగం నాలుగు-ఐదు నడుము పూసల మధ్యనో, ఐదో పూసకూ దాని కింద ఉండే త్రికాస్థి అనే ఎముకకూ మధ్యనో జరుగుతుందని, ఈ దశలో స్కాన్ తీసినా చికిత్స మారదని వివరించారు. పాదం ఈడ్చుకుపోవడం మొదలైతే మాత్రం తన కోసం ఎదురుచూడవద్దన్నారు. ఈ ఒక్క పరీక్షకే నేను ఈ క్లినిక్‌కు పూర్తి మార్కులు ఇస్తాను.

ఇక చికిత్స. పక్కకు తిప్పి పడుకోబెట్టి, పై కాలు మడిచి, భుజాన్ని ఒక చేత్తో ఆపి, రెండో చేత్తో నడుము దగ్గర చిన్నగా, వేగంగా ఒక్క తోపు తోశారు. మెటికలు విరిచినట్టు టప్ మని శబ్దం వచ్చింది. ఎముక తిరిగి దాని చోటికి చేరిన శబ్దమేమో అని నేను అనుకున్నాను, కాదని ఆమే చెప్పారు. కీలులోని ద్రవం మీద ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి వాయువుతో నిండిన ఖాళీ ఏర్పడడం వల్ల ఆ చప్పుడు వస్తుంది. 2015లో కెనడా పరిశోధకులు వేలి కీలును లాగుతూ ఎంఆర్‌ఐలో దీనిని ప్రత్యక్షంగా చిత్రించారు. శబ్దం రాకపోతే చికిత్స పని చేయలేదని అర్థం కాదు. ఆరు సిట్టింగుల్లో మూడింటిలోనే ఇలా తోశారు. మిగిలిన రోజుల్లో నడుము దగ్గర విడిపడి కిందికి వంగే బల్ల మీద బోర్లా పడుకోబెట్టి నెమ్మదిగా సాగదీశారు. ప్రతిసారీ ఏం చేయబోతున్నారో చెప్పి, సరేనా అని అడిగాకే మొదలుపెట్టారు. మెడ కూడా కాస్త చూడమని నేను అడిగితే, మెడలో బాధ లేనప్పుడు దానిని తిప్పడానికి కారణం లేదని, అరుదుగానైనా అక్కడి రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయని చెప్పి నిరాకరించారు. అడిగిన పనిని కాదన్నందుకు ఆమె మీద నాకు నమ్మకం ఇంకా పెరిగింది.

మొదటి సిట్టింగు తరువాత మర్నాడంతా నడుము పచ్చిపుండులా ఉంది, ఆ మరుసటి రోజుకు తగ్గింది. మూడో సిట్టింగు నాటికి నొప్పి పిక్కను వదిలి పిరుదు దాకా వెనక్కి వచ్చింది, ఐదో సిట్టింగుకు నడుములోనే మిగిలింది. ఇందులో ఎంత ఆమె చేతుల చలవో, ఎంత కాలం చేసిన మేలో విడదీసి చెప్పలేను, ఎందుకంటే ఇలాంటి నొప్పులు చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుముఖం పడతాయి. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ నడుము నొప్పికి మందులకన్నా ముందు ప్రయత్నించదగిన వాటిలో వెన్ను సవరింపును చేర్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే సంస్థ నైస్ 2016లో వ్యాయామంతో కలిపి చేసినప్పుడే దానిని పరిశీలించమంది. దొరికే ఉపశమనం ఓ మోస్తరుదే అని పరిశోధనలు చెబుతున్నాయి, నా అనుభవమూ అదే. ప్రతి సిట్టింగు తరువాత రెండు మూడు రోజులు ఒళ్లు తేలికపడేది, ఆ వెసులుబాటులోనే వ్యాయామాలు చేయగలిగాను. బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తడం, మోకాళ్లు మడిచి నడుము లేపడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురెదురు చేయి, కాలు చాచడం, రోజూ నడక. ఇవి లేకుండా బల్ల మీద పడుకోవడంతోనే సరిపెట్టుకుని ఉంటే నేను ఇంత కోలుకునేవాణ్ణి కాదని గట్టిగా నమ్ముతున్నాను.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన సమయానికి ఒక్కసారీ లోపలికి పిలవలేదు. నడుము నొప్పివారు కూర్చునే చోట లోతుగా దిగబడే సోఫాలు వేయడం క్షమించరాని పొరపాటు. అంతకన్నా నన్ను బాధించింది వేచి ఉండే గదిలోని కరపత్రం. వెన్ను సవరింపుతో పిల్లల ఉబ్బసం, చెవి ఇన్ఫెక్షన్లు నయమవుతాయని అందులో రాసి ఉంది, దానికి సరైన ఆధారాలు లేవు. నేను చూపించినప్పుడు ఆమె ఇబ్బంది పడి, తీయిస్తానన్నారు. చివరిసారి వెళ్లినప్పుడూ అవి అక్కడే ఉన్నాయి. లోపల ఇంత జాగ్రత్తగా మాట్లాడే మనిషి బయటి గదిలో ఆ కాగితాన్ని ఉండనివ్వడం నాకు మింగుడుపడలేదు, ఐదుకు నాలుగు ఇవ్వడానికి కారణం అదే.

ఎముకలు గుల్లబారినవారు, వెన్ను విరిగినవారు, కాలి బలం రోజురోజుకూ తగ్గుతున్నవారు, నేను పైన చెప్పిన మూత్ర, మల లక్షణాలున్నవారు ఇలాంటి చోటికి కాక నేరుగా వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

ఆరో సిట్టింగు చివర, ఇక రావలసిన పని లేదని ఆమే చెప్పారు. నాలుగు నెలల తరువాత నొప్పి తిరగబెట్టింది. భయపడి ఫోన్ చేస్తే, వెంటనే రమ్మనకుండా ముందు కాలి బలం, తిమ్మిరి, మూత్రం గురించి అడిగారు. అన్నీ సరిగా ఉన్నాయన్నాక, అవే వ్యాయామాలు పది రోజులు చేసి, తగ్గకపోతే రమ్మన్నారు. ఎనిమిదో రోజుకు వంగి బూట్ల లేసు కట్టుకోగలిగాను.