ల్యాబ్ పనులు: వారానికొకరి వంతు మేలా, ఒక్కో పనికి ఒక్కో మనిషి మేలా?

హైదరాబాద్‌లో తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ వైపు చూడండి, గచ్చిబౌలి వైపు చూడండి, ఏ బయాలజీ ల్యాబ్‌లోనైనా కొత్త జేఆర్‌ఎఫ్‌లు (ఫెలోషిప్‌తో పీహెచ్‌డీకి వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోలు) చేరిన నెలలో ఒక గొడవ తప్పదు. పిపెట్ టిప్స్ ఎవరు ఆటోక్లేవ్ చేయాలి (వేడి ఆవిరితో క్రిములు చంపాలి), వేస్ట్ ఎవరు దింపాలి, సెల్స్ నిల్వ ఉంచే లిక్విడ్ నైట్రోజన్ ఎవరు చూసుకోవాలి, కావాల్సిన సామాన్లకి ఇండెంట్లు ఎవరు పెట్టాలి? గైడ్‌ని అడిగితే "మీలో మీరు మాట్లాడుకోండి" అంటారు. అలా మాట్లాడుకున్నాక గోడ మీద వారానికొక పేరుతో డ్యూటీ చార్ట్ పడుతుంది, లేదంటే సెంట్రిఫ్యూజ్ ఒకరిది, కల్చర్ రూమ్ ఒకరిది అని పంచేసుకుంటారు. మూడో పద్ధతి కూడా ఉంది, ఎవరికి కనిపిస్తే వాళ్లు చేయడం. అది నలుగురున్న ల్యాబ్‌లో కొన్నాళ్లు నడుస్తుంది, ఐదో మనిషి రాగానే ఆ కనిపించేది ఒక్కరికే కనిపిస్తుంటుంది. దాన్ని వదిలేద్దాం.

వంతుల పద్ధతి చూడగానే న్యాయంగా అనిపిస్తుంది. అందరికీ ఒకే బరువు, ఎవరూ నోరెత్తడానికి లేదు. చిక్కల్లా ఏంటంటే ల్యాబ్‌లో వస్తువులు ఒక్క రోజులో పాడవవు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ తలుపు దగ్గర మంచు వారం వారం కొంచెం కొంచెం పేరుకుంటుంది, ఈ వారం వంతు ఉన్నవాడికి అది నిన్నటిలాగే కనిపిస్తుంది, పై వారం వచ్చే అమ్మాయికీ అంతే. తలుపు సరిగ్గా పట్టక, ఫిల్టర్‌కి దుమ్ము పట్టి, మే నెలలో ఏసీ కూడా చాలని గదిలో కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంటే అప్పుడు అందరూ చార్ట్ దగ్గరికి పరిగెత్తి ఎవరి వారమో చూస్తారు. ఆ వారం దొరికినవాడు దొంగ! పీహెచ్ మీటర్ సంగతీ ఇదే. ఎలక్ట్రోడ్‌ని 3 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉంచాలని అందరికీ తెలుసు, ఎవరో కడిగి డిస్టిల్డ్ వాటర్‌లోనే వదిలేసి భోజనానికి వెళ్తారు, అలా పదేపదే జరిగి రీడింగ్ బద్ధకంగా కదలడం మొదలైనా, వారంలో ఒకట్రెండు బఫర్లు చేసుకునే మనిషికి అది పట్టుబడదు. ఏడాదిగా అదే మీటర్‌ని చూస్తున్న మనిషికైతే వెంటనే అనుమానం వస్తుంది.

అందుకే మెషిన్ల విషయంలో నా ఓటు ఒక్కో దానికి ఒక్కో మనిషికే. సర్వీస్ ఇంజనీర్ నంబర్ అతని దగ్గర ఉంటుంది, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) ఎప్పుడు అయిపోతుందో గుర్తుంటుంది, సెల్స్ పెంచే సీఓటూ ఇంక్యుబేటర్ ట్రేలో నీళ్లు తగ్గితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. లాగ్ బుక్‌లో చేతిరాత ఒకటే కాబట్టి కిందటి నెలకీ ఈ నెలకీ తేడా కూడా కనబడుతుంది.

కానీ ఇందులో రెండు రోగాలున్నాయి. ఒకటి, ఆ మనిషి కొన్నాళ్లకి మెషిన్ మీద ఓనర్ అంకుల్ అయిపోతాడు. రాత్రి పదయ్యాక గేటు తాళం వేసే మన హైదరాబాద్ ఇంటి ఓనర్ ఎలాగో అలాగే, స్లాట్ అడిగితే ముఖం చిట్లించడం, తన జూనియర్‌కి మాత్రం బుకింగ్ లేకుండానే ఇవ్వడం. దీనికి మందు సులువే, బుకింగ్ షీట్ అందరి చేతిలో ఉండాలి, ఆయన చేతిలో మెయింటెనెన్స్ మాత్రమే ఉండాలి. రెండో రోగం ముదిరింది: ఐదేళ్లు ఒక్కడే చూసిన మెషిన్ అతను థీసిస్ డిఫెండ్ చేసి వెళ్లగానే అనాథ అవుతుంది. దీనికి ముహూర్తం మన ఫెలోషిప్‌లోనే ఉంది. జేఆర్‌ఎఫ్ రెండేళ్లు, ఆ తర్వాత కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఇచ్చి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో). ఆ అప్‌గ్రేడేషన్ నాడే పాత మెషిన్ కొత్తవాళ్లకి అప్పగించి, ఒక నెల పక్కనే ఉండి చూపించి, తను ఇంకోటి తీసుకోవాలి. థీసిస్ రాసేవాళ్లకి మినహాయింపు ఇవ్వాల్సిందే, కాకపోతే అప్పగింత అయ్యాకే.

మరి వంతులు అసలు వద్దా అంటే, వేస్ట్‌కి మాత్రం వంతులే కావాలి. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం అని నాలుగు రంగులున్నాయి, కలుషితమైన ప్లాస్టిక్ ఎరుపులోకి, సూదులూ బ్లేడ్లూ తెల్ల డబ్బాలోకి. ఈ పని ఒక్కరి నెత్తిన పెడితే మిగతావాళ్లు ఏది చేతికొస్తే అందులో పడేస్తారు, ఎలాగూ సర్దేవాడు ఉన్నాడుగా. ఎర్ర సంచిలోంచి సూది బయటికి పొడుచుకొచ్చి ఉండటం ఒకసారి తన వంతులో కళ్లారా చూసిన మనిషి మాత్రం ఇక సూదిని అక్కడ వేయడు. ఆటోక్లేవ్ కూడా అంతే, 121 డిగ్రీల దగ్గర లోడ్ నడపడం అందరూ చేయాలి, మూత రబ్బరు గాస్కెట్ అరిగిందా లేదా చూసేది మాత్రం ఒక్కరే ఉండాలి.

లిక్విడ్ నైట్రోజన్‌కి వంతూ వద్దు, ఒక్కడూ వద్దు, ఇద్దరు కావాలి. మైనస్ 196 డిగ్రీల ద్రవం ఆవిరై చిన్న గదిలో ఆక్సిజన్ తగ్గిపోతే వాసన కూడా రాదు. లిఫ్ట్‌లో క్యాన్‌ని ఒంటరిగా పంపి, పై అంతస్తులో రెండోవాళ్లు అందుకోవాలి. సంక్రాంతికి తెలుగువాళ్లంతా ఊళ్లకి బస్సెక్కితే స్టాక్ సెల్స్ ఎవరు చూస్తారన్న ప్రశ్నకి కూడా ఈ జోడీయే జవాబు. జోడీలో ఒకరు తెలుగు, ఇంకొకరు బెంగాలీయో మలయాళీయో అయితే సంక్రాంతికి వాళ్లు, దుర్గాపూజకో ఓణంకో మనం.

అసలు తగువు బరువు లెక్కలో వస్తుంది. 2023 జనవరి నుంచి సీఎస్‌ఐఆర్, యూజీసీ జేఆర్‌ఎఫ్‌కి నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కి 42,000. పక్క బల్ల మీదే నెట్ ఫెలోషిప్ లేనివాళ్లకిచ్చే నాన్-నెట్ కింద 8,000తో పనిచేసే స్కాలర్ ఉంటారు. విచిత్రంగా పెట్టెలు మోసేదీ, స్టోర్స్ చుట్టూ తిరిగేదీ ఎక్కువగా ఆ మనిషే, కొత్తగా వచ్చారనో అడగలేరనో. దానికి తోడు యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ స్కాలర్‌కి వారానికి 4 నుంచి 6 గంటలు టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్ పని ఇవ్వొచ్చు. ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్ చూసే సెమిస్టర్‌లో అదే మనిషికి ఫ్రీజర్ కూడా కట్టబెడితే ఎలా? ఆ గంటలు ల్యాబ్ లెక్కలోకి రావాలి. అలాగే స్టాక్ రిజిస్టరూ గ్లాస్‌వేరూ అమ్మాయిలకి, సిలిండర్లూ మెషిన్లూ అబ్బాయిలకి అని పంచే అలవాటు ఇంకా పోలేదు. మెషిన్ చేతికి రానిదే మెషిన్ రాదు, ఆ నష్టం తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో తెలుస్తుంది.

ప్రాజెక్ట్ అసిస్టెంట్‌ని పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు అనేవాళ్లకి ఒకటే మాట. ప్రాజెక్ట్ ముగిస్తే అతని జీతం ముగుస్తుంది, నేర్చుకున్నదంతా అతనితోనే పోతుంది. పైగా అతను వచ్చింది ల్యాబ్‌కి ఆయాగా కాదు. ఆర్డర్లు, జీఈఎం (ప్రభుత్వ కొనుగోళ్ల) పోర్టల్ వ్యవహారం అప్పగించొచ్చు, అక్కడితో ఆపాలి.

జాబితా ఎవరు రాసినా గైడ్ సంతకం ఉండాలి, లేకపోతే సీనియర్ మాట జూనియర్ మీద చెల్లుతుంది, జూనియర్ మాట ఎవరి మీదా చెల్లదు. పోస్ట్‌డాక్‌లు (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు) వేస్ట్ వంతు నుంచి మినహాయింపు అడుగుతారు, ఇవ్వొద్దు. డబ్బాలో సగం ప్లేట్లు వాళ్లవే.