‘ఫుల్లీ ఫండెడ్’ అంట, ఫండ్ చేసింది మా నాయిన! ఆఫ్రికా ఫీల్డ్ ప్లేస్‌మెంట్ పేరుతో మోసం, జాగ్రత్త

పబ్లిక్ హెల్త్, నర్సింగ్, సోషల్ వర్క్, మైక్రోబయాలజీ పీజీలు చేస్తున్న నల్లగొండ, పాలమూరు తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది చదవండి. దిల్‌సుఖ్‌నగర్ ‘సార్’ గ్రూపులో ఉన్నవాళ్లైతే చదవడం తర్వాత, ముందు ఆ డిపాజిట్ కట్టడం ఆపండి. ఏ సార్ అని అడగకండి, ఆ గ్రూపులో ఉన్నవాళ్లందరికీ తెలుసు. పేరు రాస్తే నా మీదే పరువు నష్టం కేసు వేస్తాడట. మొన్న మంగళవారం ఆ మాట కూడా ఆయనే నవ్వుతూ చెప్పాడు.

మొత్తం పోయింది 1,60,120 రూపాయలు. చివరి 120 కూడా ఎందుకు రాస్తున్నానంటే, మహానుభావుడు జీఎస్టీతో సహా లెక్కగట్టి వసూలు చేశాడు మరి. అంత పద్ధతైన మనిషి.

త్వరగా చెప్పేస్తాను. నేను ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) రెండో సంవత్సరం. మాది మర్రిగూడ మండలం వైపు పల్లె. ఏప్రిల్‌లో ఒక సీనియర్ అక్క ఫార్వర్డ్ చేసింది. టాంజానియాలోని అరుషాలో పది వారాల గ్లోబల్ హెల్త్ ఫీల్డ్ ప్లేస్‌మెంట్. విమానం టికెట్, వసతి, నెలకు 400 డాలర్ల స్టైపెండ్, అన్నీ వాళ్లవే. మలేరియా, తల్లీబిడ్డల ఆరోగ్యం, తాగునీరు అని మూడు విభాగాలు. తాగునీరు అనగానే నా మెదడు పనిచేయడం ఆగిపోయింది.

ఎందుకో మన జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. మా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల మా నాయనమ్మ మెడ తిప్పలేదు. వెనకనుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తుంది. నాయిన పండ్ల మీద చిన్నప్పటి గారలు అట్లనే ఉన్నాయి. మిషన్ భగీరథ పథకం కింద కృష్ణా నీళ్లు కుళాయికి వచ్చాయి గాని, వంగిన ఎముకలు నీళ్లు మారితే నిటారుగా నిలబడవు కదా. అరుషా వైపు కూడా అదే బాధ. అది రిఫ్ట్ వ్యాలీ, అంటే భూమి చీలి ఏర్పడిన లోయ, అగ్నిపర్వతాల నేల, బోరు నీళ్లలో ఫ్లోరైడ్. డబ్ల్యూహెచ్‌ఓ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటుంది, అక్కడ చాలాచోట్ల అంతకు మించే ఉంటుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి, తేర్చి, వడగట్టే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు తయారు చేశారు. ప్రపంచంలో ఎక్కడ చదివినా దాని పేరు నల్లగొండ టెక్నిక్. ఆ పద్ధతిని టాంజానియాలో కూడా ప్రయత్నించారు. తర్వాత అక్కడివాళ్లు ఎముకల బొగ్గుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి మీద ఎక్కువ పనిచేశారు. మన జిల్లా పేరు మోసుకుని అంత దూరం పోయిన పద్ధతి అక్కడ ఎందుకు నిలబడలేదో కళ్లారా చూడాలని నా ఆశ. తప్పా?

ఆశ తప్పు కాదు. ఆ ఆశను నాలుగు పేజీల వ్యాసంగా రాసి, నాయనమ్మ ఫోటో అతికించి, ముక్కూ మొహం తెలియని మనిషికి పంపడం తప్పు. అప్లికేషన్‌లో ‘కమ్యూనిటీ కనెక్షన్’ అని ఒక గడి ఉంది, ఫోటో ఉంటే ‘వెయిటేజీ’ అని రాసి ఉంది. వెయిటేజీ అంటే మనకు ప్రాణం కదా.

జూమ్‌లో ఇంటర్వ్యూ. ముగ్గురు ఉన్నారన్నారు, కెమెరా ఆన్ చేసింది సార్ ఒక్కడే. నేను నల్లగొండ టెక్నిక్ గురించి చెబుతుంటే "వన్ మినిట్ అమ్మా, పటిక తర్వాత ఏమన్నావ్?" అని రాసుకున్నాడు. ఇంప్రెస్ అయ్యాడనుకున్నాను. వారం తిరక్కుండా ఆఫర్ లెటర్ వచ్చింది. ప్రాజెక్టు పేరు ‘ఫ్లోరైడ్ నివారణ’. కింద వివరణ చదివితే ఎక్కడో చదివినట్టుంది. ఎక్కడో కాదు, అవి నా వాక్యాలే. కామాలు కూడా నావే. అయినా అనుమానం రాలేదు చూడండి! మన ఆలోచన వాళ్ల ఆలోచన ఎంత బాగా కలిశాయో అని హాస్టల్లో అందరికీ చూపించుకుని మురిసిపోయాను.

ఇక డబ్బు. ముందు ప్రాసెసింగ్ ఫీజు 4,720. తర్వాత ఇన్సూరెన్స్, ట్రైనింగ్ అని 35,400. జూలైలో ‘రిఫండబుల్ కమిట్‌మెంట్ డిపాజిట్’ లక్షా ఇరవై వేలు. పిల్లలు చివరి నిమిషంలో మానేస్తే దాతల దగ్గర పరువు పోతుందట, అందుకని డిపాజిట్. అరుషాలో దిగగానే మొదటి స్టైపెండ్‌తో కలిపి వెనక్కి ఇస్తారట. అమ్మ గాజులు బ్యాంకులో కుదువపెట్టి, పత్తి మందులకని దాచిన డబ్బు కలిపి కట్టాం. "అంతగా ఇబ్బందైతే ఓవర్సీస్ విద్యానిధి కింద నేను ఇప్పిస్తాలే" అన్నాడు సార్. ఆ ప్రభుత్వ పథకం విదేశాల్లో డిగ్రీ చదివేవాళ్లకు, అదీ కొన్ని దేశాలకే. పది వారాల ప్లేస్‌మెంట్‌కు, టాంజానియాకు ఎవరిస్తారు? ఈ సంగతి నాకు తెలుసు. మా కజిన్‌కు అప్లికేషన్ నింపిందే నేను. అయినా తలూపాను.

మా గైడ్ మేడమ్ ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఎథిక్స్ క్లియరెన్స్ ఎవరు తెస్తున్నారు?" టాంజానియాలో మనుషుల మీద ఆరోగ్య పరిశోధన చేయాలంటే ఎన్ఐఎంఆర్ అనే వాళ్ల జాతీయ సంస్థ నుంచి ఎథిక్స్ అనుమతి, బయటి దేశం నుంచి వచ్చే పరిశోధకులకు కాస్టెక్ అనే కమిషన్ నుంచి రీసెర్చ్ పర్మిట్ కావాలి. ఉండటానికి క్లాస్ సీ రెసిడెన్స్ పర్మిట్. ఇవన్నీ మేడమే చెప్పింది. సార్‌ని అడిగితే "టూరిస్ట్ వీసా చాలమ్మా, మేం చూసుకుంటాం" అన్నాడు. నాకు మేడమ్ మీద కోపం వచ్చింది, సార్ మీద కాదు. మన పిల్లలు బయటికి పోతుంటే ఈమెకేం బాధ అనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగా ఉంది. మేడమ్ చదువుతారని తెలిసే రాస్తున్నాను.

సెప్టెంబర్ 8న ప్రయాణం అన్నారు. ఎల్లో ఫీవర్ ఉండే ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా టికెట్ అని చెబితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కు పోయి ఎల్లో ఫీవర్ టీకా కూడా వేయించుకున్నాను. ఆ పసుపు కార్డు జీవితాంతం చెల్లుతుంది. ఈ మొత్తం వ్యవహారంలో నా చేతికి వచ్చిన నిజమైన కాగితం అదొక్కటే. యూట్యూబ్‌లో స్వాహిలి కూడా మొదలుపెట్టాను. నీళ్లను ‘మాజి’ అంటారు. సెప్టెంబర్ 3న మెసేజ్ వచ్చింది, డోనర్ ఫండ్ రిలీజ్ కాలేదు, అక్టోబర్‌కు వాయిదా. అక్టోబర్‌లో ‘అండర్ రివ్యూ’. అప్పుడు తట్టింది బుద్ధి. ఆఫర్ లెటర్‌లో పేరున్న అరుషా సంస్థ వెబ్‌సైట్ వెతికి, అక్కడున్న అడ్రసుకు నేరుగా మెయిల్ పెట్టాను. మర్నాడే రెండు లైన్ల జవాబు. అట్లాంటి ఒప్పందం ఎవరితోనూ లేదు, నీ పేరు మా దగ్గర లేదు, క్షమించు అని. ఏప్రిల్‌లో పెట్టాల్సిన మెయిల్. ఖర్చు సున్నా.

ఇప్పుడు మంగళవారం సంగతి. అసలు ఇది రాస్తున్నది దాని కోసమే, డబ్బు కోసం కాదు. సరే, డబ్బు కోసం కూడా.

నాయిన నేనూ వస్తానన్నాడు. పొద్దున మాల్ అనే ఊరి మీదుగా బస్సెక్కి పదకొండుకు ఆఫీసు చేరాం. ఏసీ, గోడ మీద ప్రపంచ పటం, ఆఫ్రికా అంతా ఎర్ర గుండుసూదులు. డెస్క్ దగ్గరి అమ్మాయి నాయిన తువ్వాలును, చెప్పులను చూసి "అంకుల్, మీరు బయట బెంచీ మీద కూర్చోండి" అంది. కుర్చీలు ఆరు ఖాళీగా ఉన్నాయి. నేను కూర్చోబెట్టాను. లోపల సార్ కొత్త పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తున్నాడు, గాజు తలుపులోంచి కనిపిస్తున్నాడు. గంటన్నర.

టీపాయ్ మీద బ్రోచర్లు పెట్టి ఉన్నాయి, మెరిసే కాగితం. నాయినకు ఇంగ్లిష్ రాదు, బొమ్మలు చూద్దామని ఒకటి తీశాడు. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా మోచేతి మీద తట్టి, మెల్లగా అడిగాడు.

"బిడ్డా, ఇది మా అమ్మ గదా? ఈమె ఆఫ్రికాల ఉందేంది?"

నాయనమ్మే. మా ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉంది. వెనక మా తులసికోట సగం కోసేశారు. కింద ఇంగ్లిష్‌లో రాసి ఉంది, ‘అరుషా క్షేత్రంలో మా సేవలు అందుకుంటున్న వృద్ధురాలు’ అని. నేను చదివి చెప్పలేకపోయాను. నాయిన మళ్లీ అడిగాడు, ఏం రాసిండ్రు అని. చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఆ పేజీ మడత పడకుండా చేత్తో సవరించాడు.

సార్ బయటికి వచ్చాక నేను డిపాజిట్ అడిగాను. నాయిన బ్రోచర్ అడిగాడు. ముందు నాయినకే జవాబు చెప్పాడు. "అది జస్ట్ రిప్రజెంటేటివ్ ఇమేజ్ అంకుల్, డిజైనర్ పెట్టుంటాడు." నాయినకు ఆ మాట అర్థం కాదని ఆయనకు తెలుసు, అందుకే ఇంగ్లిష్‌లో చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి క్లాజ్ 11 చదువుకో అన్నాడు. దాత వెనక్కి తగ్గితే డిపాజిట్ ‘అడ్మినిస్ట్రేటివ్ ఖర్చుల కింద సర్దుబాటు’ అవుతుందట. చదవకుండా సంతకం పెట్టింది నేనే, కాదనను. అరుషా వాళ్ల మెయిల్ ఫోన్‌లో చూపించాను. ఫోన్ వైపు చూడనైనా లేదు. పక్కన ఫారాలు నింపుతున్న నలుగురు పిల్లలు తలెత్తారు. వాళ్లకు వినపడేలా గట్టిగా, నవ్వుతూ అన్నాడు:

"అయినా అమ్మా, నీకు ఫ్లోరైడే కావాలంటే మీ ఊళ్లో కావలసినంత ఉంది కదా! ఇంట్లోనే కేసు ఉంది. టాంజానియా దాకా ఎందుకు? ఫ్రీగా చేసుకో."

డెస్క్ అమ్మాయి కూడా నవ్వింది.

ఆ రోజు నుంచి ఆ ఒక్క ముక్కే చెవుల్లో తిరుగుతోంది. ఇంట్లోనే కేసు. నలభై జవాబులు ఇప్పుడు తడుతున్నాయి. అప్పుడు నా నోట్లోంచి వచ్చిందేమిటో తెలుసా? "ఓకే సార్." అక్షరాలా అదే. పదిహేడేళ్లు బడిలో, కాలేజీలో నేర్చుకున్న మర్యాద, సరిగ్గా అవసరమైనప్పుడు బయటికొచ్చింది. నాయిన బ్రోచర్ చంకలో పెట్టుకుని లేచాడు. ఆ అమ్మాయి వెనకే వచ్చి "ఆఫీస్ కాపీ అంకుల్" అని లాక్కుని మళ్లీ టీపాయ్ మీద పెట్టింది.

బస్సు ఇబ్రహీంపట్నం దాటేదాకా నాయిన మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగాడు. "అక్కడ కూడా మనుషులు గిట్లనే వంగుతరా?" వంగుతరు నాయినా అన్నాను.

ఫిర్యాదు ఇచ్చాను. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టాను. కట్టిన వెంటనే చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం ఉండేదట, మూడు నెలల తర్వాత చేస్తే ఏముంటుంది. ఇన్‌వాయిస్ మీదున్న జీఎస్టీ నంబర్‌ను పోర్టల్‌లో కొట్టి చూస్తే ఏదో టైల్స్ వ్యాపారానిది. అది చూడటానికి అర నిమిషం పట్టింది, ఆ అర నిమిషం జూలైలో నాకు దొరకలేదు.

సలహా ఇచ్చే ముఖం కాదు నాది, అయినా రెండు ముక్కలు. డబ్ల్యూహెచ్‌ఓ ఇంటర్న్‌షిప్‌కు, ఐక్యరాజ్య సమితి వాళ్ల వాటికి ఏ దశలోనూ ఫీజు ఉండదు, అమెరికాకు పంపే ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌కు అప్లై చేయడానికీ రూపాయి అడగరు. ఫండెడ్ అని చెప్పి మన దగ్గరే డిపాజిట్ అడిగితే అక్కడే లేచి రండి. అక్కడ మన పనికి సూపర్‌వైజర్ ఎవరో పేరు అడగండి, ఆ సంస్థకు మీరే మెయిల్ పెట్టండి, ఇట్లాంటి సార్లు ఇచ్చిన మెయిల్ ఐడీకి కాదు. ఇంట్లోవాళ్ల ఫోటోలు ఎవరికీ పంపకండి.

మే, జూన్ బ్యాచ్‌లలో కట్టినవాళ్లు మెసేజ్ పెట్టండి, సోమవారం అందరం కలిసి స్టేషన్‌కు పోదాం. ఒక్కదాన్నే పోతే ‘ఇష్టపడే కట్టావు కదమ్మా’ అంటున్నారు.

ఇంకో సాయం. ఆ కొత్త బ్రోచర్ ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకండి, నాకు పంపండి. కేసుకు కావాలి, నాయినకూ కావాలి. నాలుగో పేజీలో నీలం చీర కట్టుకుని, కెమెరా వైపు ఒళ్లంతా తిప్పి చూస్తున్నావిడ మా నాయనమ్మ.