గళ్ల కాగితం మీద కొండలూ నదీ: చాలాకాలం వాడాక నా సమీక్ష

పిక్సెల్ ఆర్ట్, అంటే చిన్న చిన్న చదరపు గళ్లలో రంగు నింపుతూ బొమ్మ తీసుకురావడం, అనగానే కంప్యూటర్ ఉండాలేమో అనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. 1984లో వచ్చిన ఆపిల్ మాకింటోష్ కంప్యూటర్‌లోని ఐకాన్లను (తెర మీద కనిపించే చిన్న బొమ్మలను) సూసన్ కేర్ అనే డిజైనర్ గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపుతూనే మొదలుపెట్టారు, ఒక్కో ఐకాన్‌కి 32 × 32 గళ్లు. అంత దూరం ఎందుకు, మన పోచంపల్లి ఇక్కత్ డిజైన్లు కూడా గ్రాఫ్ కాగితం మీద పుట్టేవే. నేను కొన్నేళ్లుగా రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేసి గళ్ల కాగితం ముందే కూర్చుంటున్నా. ఎక్కువగా వేసేది కొండలు, నది, సాయంత్రపు ఆకాశం. కొత్తవాళ్లు ఏం కొనాలో, ఏం కొని డబ్బులు తగలేసుకోకూడదో నా అనుభవం కొద్దీ చెప్తాను.

ముందు కాగితం సంగతి. రంగుల పెట్టె ఎంత ఖరీదైనదైనా కాగితం కుదరకపోతే బొమ్మ తేలదు. ఇంట్లో పిల్లల పదో తరగతి గ్రాఫ్ షీట్లు ఉన్నాయి కదా, వాటితో కానిచ్చేద్దాం అనిపిస్తుంది. ఆ మిల్లీమీటరు గడిలో ఏ రంగు పెన్సిలు మొనా పట్టదు. 5 మిల్లీమీటర్ల చదరాన్ని ఒక పిక్సెల్‌గా తీసుకుంటే పని నడుస్తుంది గానీ, దాని లోపలి 25 చిన్న గళ్ల గీతలు రంగు కిందనుంచి పైకి కనిపిస్తూనే ఉంటాయి. ముదురు రంగుల్లో పర్లేదు. పసుపు, లేత నీలం వేసిన చోట మాత్రం ఆకాశాన్ని దోమతెరలోంచి చూస్తున్నట్టే ఉంటుంది.

నాకు బాగా కుదిరింది 5 మిల్లీమీటర్ల గళ్ల నోట్‌బుక్. గీతలు లేత బూడిద రంగులో ఉన్నది చూసి తీసుకోండి, స్పైరల్ బైండింగ్ అయితే ఇంకా మంచిది, బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది. దొరక్కపోతే గళ్లున్న పీడీఎఫ్‌ని జిరాక్స్ షాపులో కాస్త మందపాటి కాగితం మీద ప్రింట్ తీయించుకోవచ్చు. ప్రింట్ ఇచ్చేటప్పుడు ‘యాక్చువల్ సైజ్’ అని గట్టిగా చెప్పండి. ‘ఫిట్ టు పేజ్’ అలాగే ఉంచేస్తే గడి కాస్త కుంచించుకుపోతుంది, తర్వాత రెండు షీట్లు కలిపి పెద్ద బొమ్మ వేద్దామంటే గీతలు కలవవు.

ఏ4 కాగితంలో అడ్డంగా 42, నిలువుగా 59 గళ్లు పడతాయి. మొదటి బొమ్మకి అంత వద్దు, సగంలో విసుగొస్తుంది. 32 × 24 చాలు, అంటే 768 గళ్లు. అంతలోనే పాపికొండలు తీసుకురావచ్చు. కింది 9 వరసలు గోదావరికి వదిలేసి, పైన ఆకాశం, కొండలు.

అసలు కిటుకంతా కొండ అంచులో ఉంది. గళ్ల మీద వంపు గీయలేం, మెట్లే వేయాలి. మెట్టు పొడవు ఒక లెక్క ప్రకారం తగ్గుతూ రావాలి. శిఖరం దగ్గర 5 గళ్లు అడ్డంగా, ఒక వరస కిందకి దిగి 3, మళ్లీ దిగి 2, ఆ తర్వాత 1, 1. ఇలా వేస్తే పైన గుండ్రంగా ఉండి నది వైపు నిటారుగా దిగిన కొండ వచ్చేస్తుంది. అదే 3, 1, 4, 1 అని తోచినట్టు వేశారా, విరిగిన రంపం తయారవుతుంది. రెండు కొండల మధ్య దిగిపోతున్న సూర్యుడికి 3, 5, 7, 7 చొప్పున నాలుగు వరసలు నింపండి. నీళ్లలో దాని వెలుగు కోసం ఒక వరసలో 5 నారింజ గళ్లు, కింద వరస నీలమే, ఆ కింద 3. ఇంతే, నది కదులుతున్నట్టు ఉంటుంది.

దూరపు కొండకి లేత నీలం, మధ్యదానికి నీలం కలిసిన ఆకుపచ్చ, దగ్గరిదానికి ముదురు ఆకుపచ్చ. ఆకాశంలో పసుపు నుంచి నారింజకి మారే చోట రెండు వరసలపాటు ఒక గడి పసుపు, ఒక గడి నారింజ, కింద వరసలో తిరగేసి. దూరం నుంచి చూస్తే ఆ రెండూ కలిసిపోతాయి. మా మేనకోడలు ఒకసారి తొంగిచూసి, “అత్తా, ఇది మైన్‌క్రాఫ్ట్ గేమా? దగ్గర్నుంచి ఏం అర్థం కావట్లేదు” అంది. ఫోన్‌లో ఫోటో తీసి చూపించాక “ఓ, గోదారి!” అంది. అందుకే సగం అయ్యాక ఒక ఫోటో తీసి చిన్నగా చేసి చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఏ రంగు ఎక్కడ కొట్టొచ్చినట్టుందో వెంటనే తెలిసిపోతుంది.

రంగుల విషయంలో నా ఓటు కలర్ పెన్సిళ్లకే. స్కెచ్ పెన్నులతో గడి చకచకా నిండుతుంది, నిజమే. కానీ నోట్‌బుక్ కాగితంలో ఇంకు వెనక పేజీకి దిగుతుంది, గీత దాటి పక్క గడిలోకి పాకుతుంది. పిక్సెల్ అన్నాక మూల పదునుగా లేకపోతే ఇంకేముంది? జెల్ పెన్ను నక్షత్రాలకీ పడవ అంచుకీ తప్ప వేరేచోట దండగ. 48 రంగుల పెట్టె కూడా వద్దు, 12 రంగులది కొని అందులో 8 వాడినా బొమ్మ ముద్దుగానే వస్తుంది. నలుపు జోలికి అసలు వెళ్లకండి. ముదురు ఆకుపచ్చ మీద ముదురు నీలం ఒక పూత వేస్తే కొండ నీడ దానంతటదే వస్తుంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. కలర్ పెన్సిలు రబ్బరుతో పూర్తిగా పోదు, కాబట్టి ముందు మామూలు పెన్సిల్‌తో అంచులు లెక్కపెట్టి చుక్కలు పెట్టుకోవాలి. ఆ లెక్కపెట్టడం కాస్త టెన్షనే, ఎవరైనా మధ్యలో పిలిస్తే మళ్లీ మొదటి గడి నుంచే. ఒక్క పూతతో కాగితం తెలుపు చుక్కలుచుక్కలుగా కనిపిస్తుంది. రెండో పూత అడ్డదిశలో వేయాలి, దాంతో టైము రెట్టింపు. చవక సెట్‌లో చెక్కుతుంటేనే ముల్లు విరిగిపోయే పెన్సిళ్లు వచ్చాయి నాకు, బ్రాండ్ పేరు ఎందుకులెండి. కొనేటప్పుడు ఒకటి షాపులోనే చెక్కి చూపించమనండి. మెడ పట్టేస్తుంది కూడా, నోట్‌బుక్ కింద రెండు లావు పుస్తకాలు పెట్టి ఏటవాలుగా వేసుకుంటే నయం.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. పెన్సిలు రంగులో మైనం ఉంటుంది కాబట్టి, నోట్‌బుక్ మూసి పెడితే కొన్ని నెలలకి ఎదురు పేజీకి రంగు అంటుకుంటుంది. ఇప్పుడు నేను ప్రతి బొమ్మ మీదా ఒక బటర్ పేపర్ ముక్క పెడుతున్నా. కిరాణా కొట్లో చపాతీలు చుట్టడానికి అమ్మేదే, వేరేది కొననక్కర్లేదు.