విచర్ 3: సిరిని వెతికే కథ కన్నా దారిలో దొరికిన కథలే మేలు

2015లో వచ్చిన ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’ వీడియో గేమ్‌ని ఏళ్లుగా మళ్లీ మళ్లీ ఆడుతున్నాను. గ్రాఫిక్స్ గురించి, ఇంటి కప్పెక్కి నిలబడే గుర్రం గురించి అందరూ రాసేశారు. నేను కథ అల్లిక, క్వెస్టుల (ఆటలో మనకు అప్పజెప్పే పనుల) కూర్పు గురించే రాస్తాను. ముగింపు కూడా చెప్పేస్తాను కాబట్టి ఇంకా ఆడనివాళ్లు ఇక్కడే ఆగండి.

మెయిన్ క్వెస్ట్ నిజానికి పలచన. మనం ఆడే పాత్ర గెరాల్ట్, రాక్షసుల్ని వేటాడేవాడు, తన పెంపుడు కూతురు సిరిని వెతకాలి. వెలెన్ అనే ప్రాంతంలో పెత్తనం చేసే బారన్‌ని అడిగితే ‘ముందు నా భార్యనీ కూతుర్నీ వెతికిపెట్టు, తర్వాత చెప్తా’ అంటాడు. నొవిగ్రాడ్ నగరంలో ఆచూకీ తెలిసిన కవి మిత్రుడు డాండెలయనే కనబడడు. అతని కోసం ఇంకొకరిని కలవాలి, ఆ ఇంకొకరికి మనతో ఇంకో పని. అక్కడ నాకు ప్రతిసారీ విసుగే. పైగా సిరి ప్రాణానికి ముప్పు అంటూనే, ముసలమ్మ పెనం వెతికిపెట్టి తీరిగ్గా గ్వెంట్ అనే పేకాట ఆడుకున్నా అడిగేవాడు లేడు.

బారన్ కథలోనూ ఉన్నది ఆ బేరమే. కానీ అక్కడ ఆ బేరమే అసలు కథ. తాగి భార్యని కొట్టినవాడని ముందు అసహ్యం వేస్తుంది. తర్వాత, కడుపులోనే పోయిన బిడ్డ దెయ్యమై తిరుగుతుంటే, దాన్ని శాంతింపజేసే దారి ఎంచుకుంటే, అతనే చేతుల్లో మోసుకొచ్చి, పేరు పెట్టి, గడప కింద పాతిపెడతాడు. అతన్ని క్షమించలేం, అలాగని వదిలేసి పోలేం. ఇక చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మ సంగతి. విడిపిస్తే అనాథ పిల్లలు బతుకుతారు, కానీ బారన్ భార్య చనిపోతుంది, అతను ఉరేసుకుంటాడు. చంపేస్తే పిల్లలు దక్కరు. ఆమె బతుకుతుంది గానీ మతి ఉండదు. ఇదంతా తెలిసేది చాలా సేపటి తర్వాతే. పాత సేవ్ లోడ్ చేద్దామన్నా అప్పటికి మనసొప్పదు.

ముగింపు మీద మాత్రం నాకూ మిత్రులకూ తెగని వాదన. సిరిని మంత్రగత్తెల మండలి ముందుకు ఒంటరిగా పంపామా, కోపంలో ల్యాబ్ పగలగొడుతుంటే ఆపామా... ఇలాంటి చిన్న విషయాలే చివర్లో ఆమె బతుకుతుందా లేదా అన్నది తేలుస్తాయి. ముందే చెప్పకపోవడం అన్యాయమని వాళ్లంటారు. ప్రతిసారీ అడిగే ప్రశ్న ఒకటేగా, పిల్లని నమ్ముతున్నావా లేదా అని? అందుకే నాకది న్యాయంగానే తోస్తుంది. కాకపోతే ఒకచోట వాళ్లదే పైచేయి. సిరి దిగులుగా ఉన్నప్పుడు ‘అన్నిట్లో గొప్పగా ఉండక్కర్లేదులే’ అనే మాట ఎంచుకుంటే ఓదార్పే అనుకుంటాం. తీరా చూస్తే ఇద్దరూ కూర్చుని తాగుతారు, అది మన తప్పుల ఖాతాలో పడుతుంది. మంచు ఉండల ఆట రెండో మాట వెనక ఉందని ఎవరికి తెలుస్తుంది?

ఎర్రగా వెలిగే అడుగుజాడల వెంట నడవడం, మ్యాప్‌లో స్కెల్లిగె దీవుల సముద్రం నిండా ప్రశ్న గుర్తులు... వీటి గురించి ఎక్కువ రాయను. బోర్.

అదే ఏడాది అక్టోబర్‌లో ఈ గేమ్‌కి అదనపు కథగా వచ్చిన ‘హార్ట్స్ ఆఫ్ స్టోన్’లో ఈ సాగదీత లేదు. ఓల్గియర్డ్ అనేవాడివి గెరాల్ట్ తీర్చాల్సిన మూడు కోరికలు, వాటి చుట్టూ బిగువైన కథ. చివరి కోరికలో గులాబీని అతని భార్య ఐరిస్ దగ్గర్నుంచి తీసుకోవాలా, ఆమెకే వదిలేయాలా అన్నచోట నేను ఇప్పటికీ తటపటాయిస్తాను. నొవిగ్రాడ్‌లో విసుగు పుడితే, మెనూలో సిద్ధంగా ఉన్న క్యారెక్టర్‌తో నేరుగా దీన్ని మొదలుపెట్టొచ్చు.