గండికోట దారిలో మూడు రాత్రులు, ఒక మట్టి మిద్దె

ముద్దనూరు దగ్గర మా మామగారి చేనులో ఐదు గదుల విడిది కట్టాలని మా ఆవిడ పట్టుదల. డ్రాయింగులు గీయాల్సింది నేను. గీసేముందు ఈ చుట్టుపక్కల బసల్లో పడుకుని చూద్దామని ఏప్రిల్ చివర్లో బయల్దేరాం. డిసెంబరులో ఏ గదైనా హాయిగానే ఉంటుంది. కడప జిల్లాలో ఇంటి సంగతి తేలేది ఎండల్లోనే. సంచిలో చిన్న థర్మామీటర్ కూడా వేసుకున్నాను.

కడప నుంచి రైల్లో వస్తుంటే ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనబడతాయి. ఈ ప్రాంతమంతా నాపబండలకూ పేరే. రెండింటికీ మూలం సున్నపురాయే. కోసి పరిస్తే బండ, 1450 డిగ్రీల దాకా కాలిస్తే సిమెంటు. కాల్చినప్పుడు వచ్చేది బొగ్గు పొగ ఒక్కటే కాదు, రాయిలో ఇమిడి ఉన్న కార్బన్ డయాక్సైడ్ కూడా బయటపడుతుంది, నిజానికి అదే ఎక్కువ. ప్రపంచం వదిలే మొత్తం కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు వాటానే. బండలు ఇంత దగ్గర్లో దొరుకుతుంటే మనం మాత్రం స్లాబు వేసి, దాని మీద బండలు అలంకారానికి పరుస్తాం.

మొదటి రాత్రి గండికోటకు కాస్త ఇవతల ఒక ప్రైవేటు రిసార్టులో దిగాం. పేరు చెప్పను. బోర్డు మీద ‘ఎకో’ అని ఉంది. రాతి గోడ కదా అని వేలితో తడితే డొల్లగా మోగింది, ఇటుక గోడకు అతికించిన పలక. పడమటి వైపు నిలువెత్తు అద్దాలు. రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది, జనరేటర్లో డీజిల్ లేదట. తొమ్మిదికి బయట 34, గదిలో 39. పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రంతా మా మీద కుమ్మరించింది. పనివాళ్లు మాత్రం మంచివాళ్లు, అడక్కుండానే కుండనీళ్లు తెచ్చి పెట్టారు.

పొద్దున కోటకు వెళ్లాం. పెన్న లోయ అంచున నిలబడి వెనక్కి తిరిగి చూస్తే ఎర్రటి కొండ ఎక్కడ అయిపోయిందో, గోడ ఎక్కడ మొదలైందో చటుక్కున తెలీదు. రెండో రాత్రి టెంటు. చవక, నేలకు బరువు లేదు, తెల్లారి లోయ మీద వెలుగు బాగుంది. బాత్రూమ్ దగ్గర క్యూ, చుట్టూ ప్లాస్టిక్ ప్లేట్లు. ఒక్క రాత్రికి చాలు.

మూడో రోజు బెలుం గుహలు. 3229 మీటర్ల పొడవున అంత రాయి కప్పుకుని ఉంది, లోపల చల్లగా ఉంటుందని ఆశపడ్డాం. చెమటతో చొక్కా అతుక్కుపోయింది. గాలి పంపే ఏర్పాటు చేసిన చోట నిలబడితేనే ప్రాణం లేచొచ్చింది. రాయి మందంగా ఉంటే సరిపోదు, గాలికి దారి ఉండాలి. ఇది నాకు ఆ రోజే ఇంకో చోట అర్థమైంది.

కొలిమిగుండ్ల వైపు ఒక పల్లెలో మా ఆవిడ వాళ్ల పెద్దమ్మ ఉంటుంది. “ఏం నాయనా, ఏసీ గదులొదిలి ఈ తేళ్ల కొంపకొచ్చినారు?” అని నవ్వింది. రెండడుగుల రాతి గోడలు, దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్న కర్రలు, పైన బండలు, ఆ పైన చవుడు మన్ను. నడిమింట్లో కప్పుకు మూరెడు గవాచి. పగలు అందులోంచి వెలుగు దిగుతుంది, రాత్రి వేడి పైకి లేచిపోతుంది, వాన వస్తే బండ మూత. మధ్యాహ్నం మూడింటికి బయట 42, లోపల 33. సంగటి, ఊరిబిండి తిని ఫ్యాను కింద మొద్దునిద్ర పోయాం.

అయితే ఇదంతా ఉచితంగా రాదు. పొద్దున వచ్చిన మేస్త్రీ చెప్పాడు: “వానలకు ముందర ఏటికొకతూరి చవుడు చల్లాల సార్. ఇప్పుడు చల్లేటోళ్లు యాడుండారు?” దూలాలకు చెదలు. పక్కింటి మిద్దె కురిసి కురిసి ఒక మూల కూలింది. బాత్రూమ్ ఇంటికి దూరంగా, రాత్రి టార్చి పట్టుకుని పోవాలి. డబ్బిచ్చి వచ్చినవాళ్లు దానికి ఒప్పుకోరు.

అందుకని కొంత తీసుకుంటాం, కొంత వదిలేస్తాం. చేనులోంచి తీసిన రాళ్లతో మందం గోడలు, కూల్చేసిన మిద్దెల దూలాలు, నాపబండల కప్పు, పైన చవుడుకు బదులు కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపిన సున్నం. సున్నమూ కాల్చిందే, కాకపోతే ఆరేకొద్దీ గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కొంత వెనక్కి పీల్చుకుంటుంది. బాత్రూములు తడి తగలకుండా వేరే గోడ మీద. సిమెంటు అక్కడ మాత్రం తప్పదు. గదికో గవాచి. నేను ముందే గీసిపెట్టుకున్న పడమటి అద్దాల గోడను ఎవరికీ చూపించకుండా చెరిపేశాను.

ఏసీ సంగతి తేలలేదు. ఒక్క గదికైనా ఉండాలని మా ఆవిడ. మే నెలలో పెద్దమ్మ ఇంట్లో ఇంకో నాలుగు రోజులు ఉండి వచ్చాక మాట్లాడుకుందామన్నాను.