ప్లేటు నుంచి ఫోను దాకా: కర్ణాటక సంగీతానికి ఏది పనికొచ్చింది?

ఇంట్లో పెద్దల నాటి 78 ఆర్పీఎం ప్లేట్లతో మొదలుపెట్టి ఎల్పీలు, క్యాసెట్లు, సీడీలు, ఎంపీ3లు, ఇప్పుడు ఫోను దాకా అన్నిటి మీదా కర్ణాటక సంగీతం విన్నాను. తిరుపతిలో ఉంటూ సంగీతం వినకుండా ఉండటం కష్టం. దేనిలో శబ్దం ఎంత శుభ్రంగా ఉందో చాలామంది రాస్తుంటారు. నేను మాత్రం వీటిని రెండు ప్రశ్నలతో తూచుతాను. రాగానికి ఎంత టైము ఇచ్చింది? పాడినవాళ్లు, పక్కన వాయించినవాళ్లు, స్వరపరిచినవాళ్లు ఎవరో చెప్పిందా లేదా?

78 ప్లేటులో, పది అంగుళాలదైతే, ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర పడుతుంది. అందులోనే పల్లవి, అనుపల్లవి, చరణం అయిపోవాలి. కచేరీలో అరగంట సాగే ఆలాపన, అంటే పాటకు ముందు మాటల్లేకుండా రాగాన్ని పెంచుకుంటూ పోవడం, ఇక్కడ నాలుగు పలుకులే. అయినా ఈ ప్లేట్లను నేను తక్కువ చేయను. టైము లేదు కాబట్టి మొదటి పలుకులోనే రాగం తెలిసిపోవాలి, తెలిసిపోయేది కూడా. రాజరత్నం పిళ్ళై నాగస్వరంలో తోడి వినండి, ఆ కాస్త నిడివిలోనే ఎంత పెద్ద రాగమో అర్థమవుతుంది. 1925 ప్రాంతంలో మైకు రాకముందు గాయకులు గొట్టంలోకి గట్టిగా పాడాల్సి వచ్చేది. ఆ కాలపు ప్లేట్లలో తంబూరా, మృదంగం ఉన్నాయో లేదో అన్నట్టుంటాయి. పేర్ల సంగతికొస్తే, 1902లో కలకత్తాలో రికార్డు ఇచ్చిన హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పేవారు. ప్లేట్లు అచ్చయ్యేది జర్మనీలో, అక్కడివాళ్లకు ఎవరి పాటో తెలియాలి కదా. పేరు పాటలోనే కలిసి ఉండటం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

1948లో అమెరికాలో మొదలైన ఎల్పీ, అంటే లాంగ్ ప్లే ప్లేటు, ఒక్కో వైపు ఇరవై నిమిషాలు దాటి ఇచ్చింది. దాని విలువ ఏమిటో మా ఊరివాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ్వర సుప్రభాతం ఎల్పీగా వచ్చింది. అదే 78 ప్లేట్ల మీద వచ్చి ఉంటే మూడు నిమిషాలకోసారి లేచి ప్లేటు తిప్పుకోవాలి. తెల్లవారుజామున ఎవరు తిప్పుతారు? తర్వాత తిరుమల దేవస్థానం ఆవిడ చేత పాడించిన బాలాజీ పంచరత్నమాల ఐదు ఎల్పీలు. నేదునూరి కృష్ణమూర్తి గారు రేవతి రాగంలో స్వరపరిచిన అన్నమయ్య పాట ‘నానాటి బతుకు’ మా ఇంటికి వచ్చింది వాటితోనే. ఎల్పీ అట్ట కూడా నాకు చాలా ఇష్టం. నా దగ్గరున్నవాటిలో చాలావాటి వెనక రాగం, తాళం, వాగ్గేయకారుడి పేరు, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు అన్నీ అచ్చయి ఉంటాయి. నాకు రాగాల పేర్లు పరిచయమైంది ఆ అట్టల వల్లే. ఒక్కటే లోటు. స్టూడియోలో చేసినవి కాబట్టి తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే విడిగా వాయించే భాగం, దాదాపు ఉండదు. మృదంగ విద్వాంసుడి పేరు అట్ట మీద ఉంటుంది, ఆయన చేతికి మాత్రం విడిగా చోటుండదు. పాత ఎల్పీల కోసం మద్రాసు మూర్ మార్కెట్‌కు వెళ్లేవాళ్లం. 1985లో అది కాలిపోయింది. ఆ మంటల్లో ఎన్ని ప్లేట్లు పోయాయో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

క్యాసెట్టు దగ్గర కాసేపు ఆగుతాను. ఫిలిప్స్ దీన్ని 1963లోనే తెచ్చినా, మా ఇళ్లలోకి వచ్చింది చాలా తర్వాత. కడప, చిత్తూరు జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు సెలవుకు వస్తూ టూ-ఇన్-వన్ తెచ్చేవారు. ఆ సెట్టులో రేడియో ఉంటుంది, టేపు ఉంటుంది, రికార్డు బటను ఉంటుంది. ఆ బటనే అన్నిటినీ మార్చేసింది. అప్పటిదాకా కంపెనీ ఏది అచ్చు వేస్తే అది వినేవాళ్లం. క్యాసెట్టుతో ఏది దాచుకోవాలో మనమే తేల్చుకున్నాం. ఆకాశవాణి కడప కేంద్రం నుంచి వచ్చే కచేరీని, తిరుచానూరు బ్రహ్మోత్సవాల్లో నాగస్వరాన్ని, ఊళ్లో ఎవరో రసికుడి ఇంట్లో జరిగిన చిన్న కచేరీని టేపు చేసుకున్నాం. వాటిలో దగ్గులుంటాయి, ముందు వరసలో ఎవరో ‘భేష్’ అనడం ఉంటుంది, శ్రుతి సరిచేసుకోవడం ఉంటుంది, తని ఆవర్తనం మొత్తం ఉంటుంది. కచేరీ అంటే ఏమిటో నాకు నేర్పింది క్యాసెట్టే.

సి-90 క్యాసెట్టులో ఒక్కో సైడుకు 45 నిమిషాలు. కచేరీలో అన్నిటికంటే పెద్ద అంశమైన రాగం-తానం-పల్లవి ఎప్పుడు మొదలవుతుందో ముందే ఊహించి, చప్పట్ల మధ్య సైడు మార్చగలిగినవాడే మంచి రికార్డిస్టు. మా పెదనాన్నకు ఆ నేర్పు ఉండేది. మొదట పాడే వర్ణం ఎంతసేపు, మధ్యలో కృతులు ఎన్ని అని లెక్క వేసుకుంటూ కూర్చునేవాడు. దాంతో కచేరీ పద్ధతి ఆయనకు పాడేవాళ్లకు తెలిసినంత తెలిసేది. సైడు మార్చకుండా ఎక్కువసేపు వస్తుందని సి-120 కొనేవాళ్లూ ఉన్నారు. ఆ టేపు మరీ పల్చన, సెట్టులో చిక్కుకుపోయేది.

దీనికి పెద్ద లోపం శ్రుతి. బ్యాటరీలు తగ్గితే టేపు నెమ్మదిస్తుంది, గొంతు దిగుతుంది. అదే వేగం 6 శాతం పెరిగితే చాలు, ఒకటి శ్రుతిలో పాడింది అర మెట్టు పైన, ఒకటిన్నరలో వినిపిస్తుంది. ఒక సెట్టులో చేసింది ఇంకో సెట్టులో వేస్తే పక్కన శ్రుతి పెట్టె పెట్టుకుని పాడేవాళ్లకు నరకమే. కాపీకి కాపీ చేసిన టేపుల్లో ‘స్‌స్‌’మనే చప్పుడు సరేసరి. ఇన్ని ఉన్నా నా మొదటి మార్కు క్యాసెట్టుకే.

తిరుపతివాళ్లుగా మనకు ఇంకో లెక్క ఉంది. అన్నమయ్య పాటలు తిరుమలలో రాగి రేకుల మీద దొరికాయి. సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, కానీ ఎలా పాడాలో చెప్పే స్వరం చాలావాటికి లేదు. కాబట్టి ఈ రోజు మనం వినే అన్నమయ్య పాటలో సగం అన్నమయ్యది, సగం దాన్ని స్వరపరిచిన విద్వాంసుడిది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు ఆ పని చేశారు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు మొదలయ్యాక, ఈ పాటలు ఊరూరా ఇంటింటికీ వెళ్లింది క్యాసెట్ల మీదే. ‘వినరో భాగ్యము విష్ణుకథ’ను బాలకృష్ణప్రసాద్ గారి గొంతులో విని నేర్చుకున్న ఆడవాళ్లు మా వీధిలోనే ఎంతోమంది. నోట్‌బుక్కులో సాహిత్యం రాసుకుని, ఒక్కో పంక్తికి టేపు ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ పాడుకునేవాళ్లు. గురువు దగ్గరకు వెళ్లే వీల్లేని వాళ్లకు అదే పాఠం.

సీడీ 1982లో వచ్చింది, 74 నిమిషాలు. మా ఊరికి ఆలస్యంగా వచ్చింది, ఖరీదు ఎక్కువ, చెన్నై నుంచి తెచ్చుకోవాల్సి వచ్చేది. దాని గొప్ప ఒక్కటే, వెనక చప్పుడు లేకపోవడం. తంబూరా తీగల కింద దారం సర్దితే వచ్చే ఆ ఝుమ్మనే జీవం నాకు రికార్డింగులో మొదటిసారి సీడీలోనే వినిపించింది. చార్సూర్ అనే చెన్నై రికార్డింగు కంపెనీవాళ్లు అక్కడి డిసెంబర్ సంగీత సీజన్ కచేరీలను రెండేసి సీడీల సెట్లుగా వేశారు. క్యాసెట్టులో ఉన్న కచేరీ, ఎల్పీలో ఉన్న శుభ్రత, పేర్లు అచ్చేసిన పుస్తకం మూడూ ఒకచోట దొరికాయి. అంత బాగున్న ఆ కాలం ఎక్కువ రోజులు ఉండలేదు.

ఎంపీ3 గురించి క్లుప్తంగా చెబుతాను. 128 కేబీపీఎస్ అంటే నిమిషానికి సుమారు ఒక ఎంబీ. 150 పాటలు ఒకే డిస్కులో అని బస్టాండు బయట అమ్మేవారు. ముందు పోయింది తంబూరానే, నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపించేది. ఆలాపన ఒక ట్రాకు, కృతి ఒక ట్రాకుగా కోసేస్తే, ఎంపీ3 ఫైలు మొదట్లో, చివర్లో చేరే ఖాళీ వల్ల మధ్యలో శ్రుతి తెగిపోతుంది. రాగం పేరు లేదు, వయొలిన్ ఎవరో లేదు, ‘ట్రాక్ 03’ అని మాత్రం ఉంటుంది. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు.

ఇప్పుడు ఫోను. ఏ పెదనాన్నో దాచుకున్న టేపులను ఎవరో ఇంటర్నెట్‌లోకి ఎక్కించారు, ఇంట్లో కూర్చుని మూడు గంటల పాత కచేరీ పూర్తిగా వినగలుగుతున్నాం. ఇంత సంపద మా పెద్దవాళ్లు కలలో కూడా అనుకోలేదు, దీనికి నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను. ఉచితంగా వింటే ఆలాపన మంద్రంలో, కింది స్వరాల్లో ఉన్నప్పుడు ప్రకటన వచ్చిపడుతుంది, అందుకే డబ్బులు కట్టి వింటున్నాను. చాలా పాత రికార్డింగులు తప్పు వేగంతో ఎక్కి ఉంటాయి, అవి విని ఆ విద్వాంసుడి శ్రుతి అదేననుకోకండి. పేర్ల విషయంలో మాత్రం ఫోను వెనకబడింది. అన్నమయ్య పాట వేస్తే తరచుగా గాయకుడి పేరు, అన్నమాచార్య అనే పేరు కనిపిస్తాయి. స్వరపరిచింది ఎవరో ఉండదు. క్యాసెట్టు కాగితం మీద సన్న అక్షరాల్లోనైనా ఆ పేరు ఉండేది. కొత్తగా నేర్చుకునే పిల్లలు ఈ వరసలు అన్నమయ్య నాటి నుంచి ఇలాగే ఉన్నాయనుకుంటున్నారు. ఆ విద్వాంసులకు ఇది అన్యాయం.

కొత్తగా వినడం మొదలుపెట్టేవాళ్లకు ఫోనే చాలు. పాటల జాబితా కాకుండా పూర్తి కచేరీ పెట్టుకోండి, బ్లూటూత్ స్పీకరు కంటే వైరున్న హెడ్‌ఫోను మేలు. ఇంట్లో పాత క్యాసెట్లు ఉన్నవాళ్లు మాత్రం ఇంకా ఆలస్యం చేయకండి. ముందు సెట్టు హెడ్‌ను దూదికి స్పిరిట్ అద్ది తుడవండి, టేపు మీద తెల్లటి బూజు ఉంటే నేరుగా వేయకండి. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఎంపీ3గా కాకుండా, శబ్దం ఏమీ పోని వేవ్ ఫైలుగానో ఫ్లాక్ ఫైలుగానో పెట్టుకోండి. శ్రుతి పెట్టెతో సరిచూసి వేగం దిద్దండి. డబ్బాలోని కాగితానికి రెండు వైపులా ఫొటో తీసి అదే ఫోల్డరులో ఉంచండి. చేత్తో రాసిన టేపైతే, అందులో మృదంగం ఎవరిదో గుర్తున్నవాళ్లు ఇంట్లో ఉన్నప్పుడే అడిగి ఆ పేరు ఫైలుకు చేర్చండి.