షుగర్ ఓపీ రివ్యూ: "ఎవరి ఫ్రిజ్ మామ్మగారూ?" అని అడిగిన డాక్టరమ్మ

గవర్నమెంటు ఆసుపత్రికి రివ్యూ ఏమిటని నవ్వకండి. ఫోన్లకీ మిక్సీలకీ పేజీలు రాసుకుంటాం, నెలనెలా అమ్మని తీసుకెళ్లే చోటు గురించి రాస్తే తప్పేముంది? ఓపీ చీటీ, రక్తపరీక్ష, మందుల కౌంటర్ అన్నిచోట్లా ఉండేవే, వాటి జోలికి పోను. చాలాకాలంగా వెళ్తున్నాక నాకు చెప్పాలనిపించింది ఒక్కటే: అక్కడి డాక్టరమ్మ జబ్బు గురించి ఎంత అడుగుతుందో ఇంటి గురించీ అంతే అడుగుతుంది.

మాది గోదారి వశిష్ఠ పాయ పక్కన లంక ఊరు. నేను ఉద్యోగానికి రాజమండ్రిలో ఉంటాను, అమ్మ ఒక్కర్తే ఊళ్లో. రెండు పూటలా ఇన్సులిన్ చేసుకుంటుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటిన గోదారి మా ఇంట్లోకీ వచ్చింది, ఫ్రిజ్ పోయింది. కొత్తది కొంటానంటే "మళ్లీ వరదొస్తే దాన్నెవరు మోస్తారు?" అంటుంది. అప్పట్నించీ మందు సీసా పక్కింటి అత్తయ్యగారి ఫ్రిజ్‌లోనే.

ఒక ఎండాకాలం షుగర్ మూడొందల కిందికి దిగనంది. అప్పుడు టౌన్లో ప్రైవేటుగా చూపించేవాళ్లం. అక్కడి డాక్టరుగారు రిపోర్టు మీంచి తలెత్తకుండానే "అన్నం తగ్గించమన్నానా లేదా?" అని గదమాయించి యూనిట్లు పెంచారు. తర్వాతి నెల ఇంకాస్త పెంచారు. అమ్మ తలూపి బయటికొచ్చి, "రాత్రిళ్లు గోధుమరవ్వే తింటున్నాను కదరా" అని నా దగ్గర గొణిగేది. ఆ మాట లోపల అనడానికి భయం.

ఖర్చు భరించలేక గవర్నమెంటు ఓపీకి మారాం. (ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ, ఆపరేషన్లకి ఆదుకుంటుంది గానీ ఇలా నెలనెలా చూపించుకునే వాటికి పెద్దగా అక్కరకు రాదు.) డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి, "సీసా తెచ్చారా మామ్మగారూ?" అంది. సంచిలో ఉంది. అరచేతుల మధ్య దొర్లించి వెలుతురుకి ఎత్తి చూసింది. ఆ రకం ఇన్సులిన్ దొర్లిస్తే పాలలా కలిసిపోవాలట. కలవలేదు, లోపలి గోడకి తెల్లటి రవ్వలు అంటుకుని ఉన్నాయి.

"ఎక్కడ పెడుతున్నారు?"

"ఆయ్, ఫ్రిజ్‌లోనేనండి."

"ఎవరి ఫ్రిజ్?"

అమ్మ నా వంక చూసి ఊరుకుంది. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "నేనేమీ అననులెండి, చెప్పండి" అంది. అప్పుడొచ్చింది అసలు సంగతి. మా కొబ్బరి మట్టలు వాళ్ల దొడ్లో పడుతున్నాయని అత్తయ్యగారితో మాటా మాటా పెరిగిందట. ఆ రోజే అమ్మ సీసా తెచ్చేసుకుని దేవుడి గూట్లో పెట్టింది. మాది రేకుల ఇల్లు. మే నెలలో ఆ గూడు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇదంతా నాకూ అక్కడే తెలిసింది.

తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని, తెరిచింది చల్లటి చోట నాలుగు వారాలదాకా పనికొస్తుందని, రేకుల కింద మాత్రం ఆగదని చెప్పింది. కొత్త సీసా ఇస్తూ యూనిట్లు తగ్గించింది. నేను కంగారుపడితే, "పాడైన మందు చూసి పెంచిన డోసండీ ఇది. మంచి మందు అంతే వేస్తే లో షుగర్‌తో పడిపోతారు" అంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ పెట్టి, సీసాని అందులో దాచమంది. రాత్రి తోడెవరుంటారని నర్సమ్మ అడిగి, పంచదార మంచం పక్కనే పెట్టుకోమంది. షుగర్ మెల్లగా దారికొచ్చింది.

ఇంత మెచ్చుకున్నాను గానీ, ఆ గదికి తలుపు లేదు, కర్టెనూ లేదు. అమ్మ చెప్పిందంతా వెనక లైన్లో ఉన్నవాళ్లు విన్నారు. మేం రేవు దాటేసరికే కబురు అత్తయ్యగారికి చేరిపోయింది, ఉన్న పలకరింపూ పోయింది. మనసు విప్పమని అడిగేవాళ్లు ఒక గుడ్డ ముక్కయినా కట్టుకోవద్దా? పైగా ఒక్కొక్కరితో అంతసేపు మాట్లాడితే లైను కదలదు, మధ్యాహ్నం పడవ తప్పిపోతుంది. ఇన్సులిన్ అయిపోయిందని బయట కొనుక్కోమన్న నెలలూ ఉన్నాయి. ఆవిడ సెలవులో ఉంటే మాత్రం వేరే డాక్టరుగారు పాత చీటీ చూసి అదే మళ్లీ రాసి పంపేస్తారు. అంటే నేను మెచ్చుకున్నది ఆసుపత్రినా, ఆవిడ్నా? ఆవిణ్ణే అనుకుంటాను.

రోజంతా కేటాయించగలిగి, ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లుంటే వెళ్లండి. అరపూట సెలవు పెట్టి వచ్చేవాళ్లకి ఇది కుదరదు. కిడ్నీ, కన్ను పరీక్షలకి ఎలాగూ కాకినాడ వెళ్లమంటారు. నేనైతే అమ్మని ఇంకెక్కడికీ మార్చను, ఆవిడకి బదిలీ అయ్యేదాకా. అయితే మళ్లీ రాస్తాను.